చెవి బిళ్ళ

గోనెసంచిలోంచి ముందు వాసనొచ్చింది. తర్వాత ఈగలొచ్చేయి. ఆ తర్వాత గానీ అందులో ఉన్నదేంటో నాకు తెలీలేదు. గేదె చెవి. కోసి రెండ్రోజులైనట్టుంది. అంచున నెత్తురు నల్లగా అట్టకట్టి ఉంది. చెవి మధ్యన చిన్న బిళ్ళ, దాని మీద కంపెనీ అక్షరాలు, ఒక నంబరు.

"నంబరు సూసుకోండి బాబూ" అన్నాడు ముసలాయన. సంచి నా టేబుల్ మీద పెట్టబోయి, ఎందుకో ఆగి, కింద నేల మీద పెట్టేడు. పెట్టి రెండడుగులు వెనక్కెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మా నాన్న కామందు వాకిట్లో అచ్చం అలాగే నిలబడేవాడు.

అది 1985. నేను మండపేటలో ఆ బీమా ఆఫీసులో చేరి మూడు నెలలు. మా పేటలో ఫ్యాను కింద కూచుని జీతం తీసుకునే మొదటి మనిషిని నేనే.

ఆఫీసు పేరు చెప్పను. 1973 జనవరి 1 నుంచి ప్రమాద బీమా అంతా సర్కారుదైంది గదా. అంతకుముందున్న 107 కంపెనీల్నీ కలిపి నాలుగు కంపెనీలు చేసేరు. ఆ నాలుగిట్లో ఒకదాని బ్రాంచి అనుకోండి. రైసుమిల్లులకి, లారీలకి, కోళ్ళఫారాలకి పాలసీలు రాసే ఆఫీసు. మండపేట అంటే మిల్లులూరు. ఊళ్ళోకొస్తుంటేనే ఊక వాసన, పొగ గొట్టాలు. ఆఫీసుకి వచ్చే ప్రీమియంలో ఎక్కువ భాగం మిల్లులదే. మాలో ఏ ఒక్కరికీ మిల్లు లేదు. మాలో చాలామంది అమ్మలూ నాన్నలూ మిల్లుల్లో మూటలు మోసినవాళ్ళు, కళ్ళంలో వడ్లు ఎండబెట్టినవాళ్ళు.

మరి గేదె చెవి ఎక్కణ్ణించొచ్చిందంటారా? ఆ రోజుల్లో ఐ.ఆర్.డి.పి. అని ఒక పథకం. 1980 అక్టోబరు నుంచి దేశంలో అన్ని బ్లాకుల్లోనూ నడిచింది. పేదోళ్ళకి బ్యాంకు అప్పు, సర్కారు సబ్సిడీ. ఎస్సీ, ఎస్టీలకైతే సగం సబ్సిడీ. పేటల్లో ఎక్కువమంది గేదెలే తీసుకున్నారు. గేదెకి బీమా తప్పనిసరి. బీమా చేసినప్పుడు చెవికి బిళ్ళ కొట్టేవాళ్ళు. గేదె చచ్చిపోతే పశువుల డాక్టరు సర్టిఫికెట్టూ, ఆ బిళ్ళా తెచ్చి ఒప్పజెప్పాలి. బిళ్ళ లేకపోతే క్లెయిము లేదు. ఉత్త బిళ్ళ తెస్తే బతికున్న గేదెదే ఊడబీకి తెచ్చేరేమోనని అనుమానం. అందుకని జనం చెవితో సహా కోసి తెచ్చేవాళ్ళు. ఎండాకాలం, ఆలమూరు అవతల్నుంచి, కపిలేశ్వరపురం అవతల్నుంచి, బస్సుల్లో సీటు కింద దాచుకుని.

ఆ టేబుల్ నాకెందుకిచ్చేరో మా మేనేజరుగారు మొదటి వారమే చెప్పేరు. "మీ వాళ్ళే గదండీ ఎక్కువగా వచ్చేది. మీతో అయితే భయం లేకుండా మాట్లాడతారు." ఆయన చెడ్డమనిషి కాదు. నిజంగా మంచే తలపెట్టి అన్నాడు. ఆ మాట నాకూ ఆ రోజు బాగానే ఉంది. నాలుగు నెలలయ్యేక గమనించేను, నా టేబుల్ హాలు చివర, బాత్రూం గోడ పక్కకి జరిగింది. వాసన కోసమన్నారు. నిజమే, వాసనుంది. వాసనతో పాటు నేనూ జరిగేను.

ఆఫీసులో ఎవరు ఎక్కడ కూచునేవారో ఇప్పుడు కళ్ళు మూసుకుని చెప్పగలను. గుమ్మం ఎదురుగా క్యాబిన్లో మేనేజరుగారు. ఆ పక్క అకౌంట్స్ పెద్దాయన, బ్రాహ్మలు, కంపెనీ ప్రైవేటుగా ఉన్నప్పట్నుంచీ ఉన్నారు. ఆ తర్వాత లారీల సెక్షను, మిల్లుల సెక్షను. వాటిలో కాపులు, కమ్మవారు, ఒక రాజుగారు. డెవలప్‌మెంటు ఆఫీసర్లిద్దరూ మిల్లు యజమానులకి చుట్టాలో, చుట్టాల చుట్టాలో. కాకపోతే వ్యాపారం ఎలా వస్తుంది? తప్పుపట్టడం లేదు, జరిగేది చెప్తున్నాను. టైపిస్టు ఒక్కావిడే ఆడమనిషి. భర్త సర్వీసులో ఉండగా పోతే ఆయన బదులు ఉద్యోగం ఇచ్చేరు. చివర నేను. 1991లో బ్యాక్‌లాగు పోస్టులు నింపినప్పుడు ఇంకో కుర్రాడొచ్చేడు, సబ్‌స్టాఫ్. మాదిగ కుర్రాడు. అందరికంటే చివర, ఏ కుర్చీ లేకుండా, మా పిన్ని.

పిన్ని ఎవరికీ పిన్ని కాదు. ఊడ్చే మనిషి. అకౌంట్స్ పెద్దాయన దగ్గర్నుంచీ అందరూ 'పిన్నీ' అనే పిలిచేవారు. ఆ పిలుపు విని కొత్తగా వచ్చినవాళ్ళు ముచ్చటపడేవారు. ఆమె పేరు స్టాఫు రిజిస్టర్లో లేదు. నెలనెలా చిల్లర ఖర్చుల వోచరు మీద వేలిముద్ర. చీపుళ్ళు, ఫినాయిలు, పిన్ని, అన్నీ ఒకే పద్దు. ఆ వోచరు రాసేవాణ్ణి నేనే.

కాఫీ ఎదుటి హోటల్నించి ఫ్లాస్కులో వచ్చేది. బీరువాలో స్టీలు గ్లాసులు. నా గ్లాసూ వాటిలోనే ఉండేది. అది నాకు పెద్ద గర్వం. ఇంటికెళ్ళి మా అమ్మకి చెప్పేను కూడా. మా అమ్మ "నిజవేనా?" అని రెండుసార్లడిగింది. పిన్ని గ్లాసు మాత్రం కిటికీ చువ్వల మధ్య బోర్లించి ఉండేది. ఫ్లాస్కు ఎత్తి పైనుంచి పోసేవారు. ఎవరు పెట్టిన పద్ధతని అడిగితే ఎవరూ పెట్టలేదు. నేను చేరేటప్పటికే ఉంది. నేను రిటైరయ్యే నాటికి గ్లాసు పోయింది గానీ ప్లాస్టిక్ కప్పు వచ్చింది.

1987లో మా దొడ్డ వచ్చింది. మా అమ్మకి పెదనాన్న కూతురు. తాపేశ్వరం దాటేక లోపలికి ఉంది వాళ్ళ పేట. ఆవిడ ఆఫీసుకొచ్చి నన్ను చూసి ముఖమంతా వెలిగించుకుని, "ఒరే అబ్బాయ్, నువ్వున్నావనే ధైర్నంతో వొచ్చేన్రా" అంది. హాల్లో అందరూ తలెత్తేరు. నేను "రండి, కూచోండి" అన్నాను. మా దొడ్డని నేను ఎప్పుడూ 'అండీ' అన్లేదు. ఆవిడ నా మొహంలోకి చూసి, కూచోకుండా నిలబడింది.

గేదె చచ్చిపోయింది. డాక్టరు కాగితం తెచ్చింది. బిళ్ళ లేదు. కాలవగట్టు మీద తుప్పల్లో మేస్తుంటే ఎప్పుడో ఊడిపోయింది. బిళ్ళ పోతే వెంటనే ఆఫీసుకి రాసిచ్చి మళ్ళీ కొట్టించుకోవాలి. ఆ సంగతి ఆవిడకి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన టేబుల్ నాది. వచ్చినవాళ్ళ సంచులు దులిపి నంబర్లు రాసుకున్నాను గానీ, పేటలకెళ్ళి ఇదీ రూలని ఒక్కనాడూ చెప్పలేదు. పైగా అప్పటికి నాకొక భయం. మనవాళ్ళకి చేసిపెడుతున్నాడని అంటారేమో! మిల్లుల సెక్షనాయన తన చుట్టం మిల్లు ఫైలు తనే చూసేవాడు, ఆయనకి ఆ భయం లేదు. నేను నోట్ రాసేను: బిళ్ళ సమర్పించనందున క్లెయిము తిరస్కరించదగినది. ఇంగ్లీషులో రాసేను. బాగా రాసేవని మేనేజరుగారు మెచ్చుకున్నారు కూడా.

గేదె పోయింది, బిళ్ళ పోయింది, బ్యాంకు అప్పు మిగిలింది. మా దొడ్డ కొడుకు చదువు మానేసి కోళ్ళఫారంలో కుదిరేడు. మా అమ్మ నన్నేమీ అన్లేదు. ఆదివారం చర్చి నుంచొచ్చి "మీ దొడ్డ కనబడింది" అని మాత్రం చెప్పి పొయ్యి దగ్గరికెళ్ళిపోయింది. (అమ్మ చర్చి కెళ్తుంది, నా సర్టిఫికెట్టులో హిందూ మాల అని ఉంటుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు తర్వాత మా ఇళ్ళల్లో ఇది మామూలే. టైపిస్టుగారు ఒకసారి "మీరు కిరస్తానీలా అండీ?" అని అడిగితే నేను ఫైలు వెతుక్కుంటున్నట్టు కిందికి వంగేను.)

ఆ మరుసటేడు ఎండాకాలం ఒక మిల్లులో ఊక గుట్టకి నిప్పంటుకుంది. సర్వేయరు కార్లో వచ్చేడు. మిల్లు యజమాని క్యాబిన్లో కూచుని, కాలు మీద కాలేసుకుని కాగితాల మీద సంతకాలు పెట్టేడు. ఏ కాగితం తక్కువైతే ఏది తేవాలో మా వాళ్ళే ఆయన మిల్లుకెళ్ళి చెప్పొచ్చేరు. న్యాయంగా రావాల్సిన డబ్బే వచ్చింది, అందులో మోసం లేదు. చెక్కు వచ్చిన రోజు తాపేశ్వరం కాజాలు, మనిషికొక పెట్టె. పిన్నికి కాగితం ముక్కలో రెండు. ఆ రోజు అకౌంట్స్ పెద్దాయన అన్న మాట నాకిప్పటికీ జ్ఞాపకం: "మన ఆఫీసులాంటి ఆఫీసు ఇంకోటుండదయ్యా. ఇది ఆఫీసు కాదు, ఉమ్మడి కుటుంబం." ఆయన నిజమే చెప్పేరు. ఆయన ఉన్నచోటు నుంచి చూస్తే ఉమ్మడి కుటుంబమే. మా నాన్న కామందు కూడా మా నాన్నని చుట్టాలకి చూపించి "వీడు మా ఇంట్లో మనిషే" అనేవాడు.

1991 ఆగస్టు 6న చుండూరు జరిగింది. అప్పటికి నేను యూనియన్లో ఉన్నాను, చందా కట్టేవాణ్ణి, సమ్మె చేసేవాణ్ణి. ఆరేళ్ళ కిందట, 1985 జూలైలో కారంచేడు జరిగినప్పుడు నేను కొత్తవాణ్ణి, నోరెత్తలేదు. ఈసారి భోజనాల వేళ గేటు దగ్గర సంతాప సభ పెడదామని అడిగేను. యూనియన్ నాయకుడు నాకిష్టమైన మనిషే. "పెడదాం, కానీ కులం పేరెత్తకండి, ఐక్యత దెబ్బతింటుంది. గ్రామీణ పేదల మీద దాడి అందాం" అన్నాడు. అలాగే అన్నాం. పదకొండు మందిలో నలుగురొచ్చేరు. బ్యాక్‌లాగులో చేరిన మా కుర్రాడు మాత్రం సభ అయ్యేక అందరూ వింటుండగా నన్నడిగేడు: "మాస్టారూ, చచ్చిపోయినోళ్ళు గ్రామీణ పేదలా, మాల మాదిగలా?" నేను జవాబు చెప్పలేదు. 1994లో మల్హోత్రా కమిటీ ప్రైవేటు కంపెనీల్ని రానివ్వాలని చెప్పినప్పుడు అదే గేటు దగ్గర అందరం నిలబడి అరిచేం. ఆ రోజు ఒక్కరూ తగ్గలేదు.

ఇక 1996. నవంబరు 6 తుపాను. కోనసీమ కొబ్బరంతా నేల మీద పడింది, వెయ్యి మందికి పైగా పోయారు. ఆ తర్వాత రెండు నెలలు ఆదివారాలు కూడా ఆఫీసు తీసేం. మిల్లుల రేకులు, తడిసిన ధాన్యం, కోళ్ళు, లారీలు, నా టేబుల్ మీద పశువులు. చచ్చిన పశువులు కొట్టుకుపోయేయి, బిళ్ళలెక్కడివి? ఈసారి నేను మెలకువగా ఉన్నాను. పంచాయితీ వాళ్ళ దగ్గరా, డాక్టర్ల దగ్గరా కాగితాలు రాయించి, పైకి మళ్ళీ మళ్ళీ రాసి, కొన్ని క్లెయిములు ఇప్పించేను. మా దొడ్డ అప్పటికి లేదు.

ఆ పని చూసి పైఆఫీసు వాళ్ళు మా బ్రాంచిని మెచ్చుకున్నారు. మెచ్చుకుని 1997లో ఒక ట్రైనింగాయన్ని పంపించేరు. ఆయన ఒక ఫారం పంచిపెట్టేడు. ఇరవై ప్రశ్నలు. 'మన ఆఫీసులో అందర్నీ సమానంగా చూస్తారు', 'నా మాటకి విలువ ఉంది', 'ఇక్కడ పనిచెయ్యడం నాకు గర్వం', ఇలాంటివి. ఒకటి నుంచి అయిదు దాకా మార్కులెయ్యాలి. "పేర్లు రాయక్కర్లేదు, నిర్భయంగా వెయ్యండి" అన్నాడు. పేరు అడగలేదు గానీ పైన నాలుగు గళ్ళున్నాయి. వయసు, సర్వీసు, ఆడా మగా, కేటగిరీ.

ఆఫీసులో ఆడమనిషి ఒక్కత్తే. ఎస్సీలం ఇద్దరం, ఒకడికి ముప్పై లోపు, ఒకడికి నలభైకి దగ్గర. ఇంక పేరెందుకు? మందిలో ఉన్నవాళ్ళకి ఆ ఫారం మీద ముఖం కనబడదు. మాలాంటివాళ్ళకి ఫోటో అంటించినట్టే. నేను అన్నిటికీ నాలుగేసేను. అయిదేస్తే అబద్ధం, మూడేస్తే ఎందుకని అడుగుతారు. నాలుగు మర్యాద.

నా దస్తూరి బావుంటుందని ఫారాలు కూడే పని నాకే ఇచ్చేరు. పన్నెండు ఫారాలు. ఓసీ మగవాళ్ళ వరసలో అయిదులు, నాలుగులు, ఎక్కడో ఒక మూడు. అదీ జీతాల ప్రశ్నకే. బీసీ అటెండరు గళ్ళు కొట్టకుండా ఖాళీగా ఇచ్చేశాడు. టైపిస్టుగారి ఫారంలో రెండులు. కింద రాయమన్న చోట ఒక్క వాక్యం రాసింది: బాత్రూం గడియ పాడై మూడేళ్ళయింది. ఆ బాత్రూం గోడ పక్కన పదేళ్ళుగా కూచున్నాను. ఆవిడ ఎప్పుడు లోపలికెళ్ళినా పిన్నిని గుమ్మంలో నిలబెట్టుకోవడం రోజూ చూసేను. గడియ లేదన్న సంగతి నాకు తట్టలేదు.

మా కుర్రాడి ఫారంలో అన్నీ ఒకట్లే. చివర రాసింది: 'నేను ఆఫీసు పనికి చేరేను. మేనేజరుగారి ఇంటి పనికి కాదు.'

కూడిన కాగితం ఇచ్చినప్పుడు మేనేజరుగారు (అప్పటికి ఇంకో ఆయన) తలుపు వేయించి, ఒకట్లున్న ఫారం పక్కన పెట్టి, నన్ను కూచోమన్నారు. "చూశారా ఇతన్ని? మీరూ అదే కేటగిరీ. మీరు ఇలా రాయలేదు. అదీ సంస్కారం అంటే" అన్నారు. నేను కూచున్న కుర్చీలోంచి లేవలేదు. 'అతను రాసింది నిజమండీ' అన్న మాట నోటిదాకా వచ్చింది. ఇప్పటికీ నోట్లోనే ఉంది. "కుర్రాడు గదండీ, తొందరెక్కువ" అన్నాను.

ఆరు నెలలకి వాడికి ట్రాన్స్‌ఫరయింది. మామూలు ట్రాన్స్‌ఫరన్నారు. ఆర్డరు మీద అలాగే ఉంది. బస్సెక్కించడానికి నేను ద్వారపూడి దాకా వెళ్ళేను. స్టేషన్లో కాఫీ ఇప్పిస్తే తాగి, "మీరు నాలుగేసేరని తెల్సు మాస్టారూ, మీకు పిల్లల చదువులున్నాయి" అన్నాడు. తిట్టినా బావుండేది.

ఫారాల సంగతి ఇంకా ఒకటుంది. పిన్నికి ఫారం ఇవ్వలేదు. ఇచ్చినా ఆమెకి చదువు రాదు, స్టాఫు కూడా కాదు. ఆ సాయంత్రం అందరూ వెళ్ళేక, ఏం బుద్ధి పుట్టిందో, ప్రశ్నలు తెలుగులో చదివి ఆమెనడిగేను. 'అందర్నీ సమానంగా చూస్తారా పిన్నీ?' అన్నాను. చీపురు గోడకి ఆనించి నవ్వింది.

"బాబూ, నీ బల్ల మీదకి ఇన్నేళ్ళూ సెవులొచ్చేయి గదా. అవి ఎవరు కోసేరనుకున్నావు?"

నేనెప్పుడూ అనుకోలేదు.

"సుట్టుపక్కల నాలుగూళ్ళల్లో సచ్చిన గొడ్డుకి మా ఆయన్నే పిలిసేవోరు. మీ పేటోళ్ళు కూడాను. కత్తెట్టి సెవి కోసేది ఆయనే. కోసి సేతికివ్వకూడదు, సంచిలో పడెయ్యాలి. మీ పేటలో మంచినీళ్ళడిగితే కొబ్బరి సిప్పలో పోసేవోరు. ఆఫీసోళ్ళు గ్లాసిచ్చేరు గదా, అంతవరకు నయవే."

1994 జూలైలో ఈదుమూడిలో మాదిగ దండోరా మొదలైనప్పుడు మా ఎస్సీ ఉద్యోగుల సంఘంలో "ఇది మనల్ని చీల్చే కుట్ర" అని తీర్మానం చేసినవాళ్ళలో నేనొకణ్ణి. సంఘంలో కార్యదర్శి మాల, కోశాధికారి మాల, నేను మాల. మాకు సంఘం ఉమ్మడి కుటుంబంలా కనబడేది. బస్సెక్కించిన కుర్రాడు దండోరా సభకి రమ్మని ఒకసారి పిలిస్తే పని ఉందన్నాను. 2004లో సుప్రీంకోర్టు వర్గీకరణ కొట్టేసింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల బెంచి చేసుకోవచ్చని చెప్పింది. ఆ రోజు మా వాళ్ళు నాకు ఫోన్లు చేసి బాధపడ్డారు. నాకు పిన్ని చెప్పిన కొబ్బరి చిప్ప గుర్తొచ్చింది. వాళ్ళకి ఆ సంగతి చెప్పేను. ఇద్దరు మాట్లాడ్డం మానేశారు.

తర్వాతి సంగతులు తొందరగానే చెప్తాను. 1999లో ఐ.ఆర్.డి.పి. పేరు మారింది, గేదెలు తగ్గేయి, నా టేబుల్ హాలు మధ్యకొచ్చింది. అదే ఏడు బీమా చట్టం వచ్చి ప్రైవేటు కంపెనీలకి దారిచ్చింది. 2004లో స్వచ్ఛంద పదవీ విరమణ స్కీము వస్తే కొందరు డబ్బు తీసుకుని వెళ్ళిపోయారు. ఊడ్చే పని కాంట్రాక్టుకిచ్చేరు. కాంట్రాక్టరు పిన్నిని వద్దన్నాడు, వయసైపోయిందన్నాడు. ఎన్నేళ్ళు చేసిందో నిరూపించడానికి వోచర్లుండాలి. పదేళ్ళు దాటిన వోచర్లు రూలు ప్రకారం చింపేశాం. చింపించినవాణ్ణి నేనే. టైపిస్టుగారి గడియ మాత్రం 1998లో బాగుచేయించేను, నా డబ్బుతో. ఆవిడ రిటైరయ్యేరోజు దాని మాటే చెప్పి కళ్ళు తుడుచుకుంది. మంచినీళ్ళ సీసా మాత్రం చివరిదాకా వేరే ఉంచుకుంది.

నేను 2018లో రిటైరయ్యేను. శాలువా కప్పేరు. "వివాదాలకి దూరంగా ఉన్న మనిషి" అని మెచ్చుకున్నారు.

2022 ఏప్రిల్లో కోనసీమ జిల్లా అయింది, మండపేట అందులోకెళ్ళింది. మే నెలలో జిల్లాకి అంబేద్కర్ పేరు పెడతామంటే 24న అమలాపురంలో మంత్రి ఇల్లూ, ఎమ్మెల్యే ఇల్లూ తగలబెట్టేరు. ఆ రాత్రి మిల్లుల సెక్షనాయన ఫోన్ చేసేడు. ఆయనా నేనూ ముప్పై ఏళ్ళు పక్కపక్కన పనిచేసేం. మా అమ్మ పోయినప్పుడు వచ్చి పాడె దగ్గర నిలబడ్డ మనిషి. బాధగానే మాట్లాడేడు. "ఎందుకండీ ఈ పేర్ల గొడవ? జిల్లా పేరు జిల్లా పేరులా ఉంటే ఏం? మన ఆఫీసులో ఇన్నేళ్ళున్నాం, ఒక్కనాడైనా కులం చూశామా మీరే చెప్పండి."

"పిన్ని పేరేంటండీ?" అన్నాను.

"ఏ పిన్ని?"

"ఆఫీసులో పిన్ని."

కాసేపు ఏమీ వినబడలేదు. టీవీ చప్పుడు మాత్రం వస్తోంది అటునుంచి. తర్వాత, మెడికల్ పాలసీ రెన్యువల్ చేయించేరా, ఈ ఏడు ప్రీమియం బాగా పెరిగిందట గదా అని అడిగేడు.